రీఫ్ ట్యాంకులో మొదటి ఆరు వారాలు

(రీఫ్ ట్యాంకు అంటే సముద్రపు చేపలు, పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు. కొత్తగా అది పెట్టాలనుకునేవాళ్ళ కోసం హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందు ఈ బల్ల మీద రెండు సీసాలు చూడండి. రెండిట్లోనూ ఉప్పునీళ్ళే. చూపుకి తేడా లేదు, వాసనకీ తేడా లేదు. ఒకటి పెట్టి మూడు రోజులైన ట్యాంకులోవి, రెండోది ఆరు వారాలు దాటిన ట్యాంకులోవి. నిన్న రాత్రి రెండు ట్యాంకుల్లోనూ ఒకే లెక్కన అమ్మోనియా వేసి, ఈ పూట నీళ్ళు పట్టాం. చివర్లో రెండూ మీ ముందే పరీక్ష చేద్దాం. అప్పటిదాకా ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి. కంటికి ఒకేలా కనిపించే ఈ నీళ్ళలో ఒకటి చేపను బతికిస్తుంది, ఒకటి చంపుతుంది. ఎందుకని?

ఇవాళ నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. మీరు మొదట పెంచేది చేపల్ని కాదు, పగడాల్ని కాదు, బ్యాక్టీరియాని. అది కంటికి కనపడదు కాబట్టి మనకి ఓపిక ఉండదు. ఓపిక లేక వారం తిరక్కుండానే చేప తెచ్చి వేస్తాం. మంచినీటి చేపలు చాలావరకు ఎవరో చెరువుల్లో పెంచినవి. ఉప్పునీటి చేపలు అలా కాదు, ఇప్పటికీ ఎక్కువ భాగం సముద్రంలోంచి పట్టి తెచ్చినవే. అంత దూరం ప్రయాణం చేసి వచ్చిన ప్రాణం మన ట్యాంకులో మూడో రోజున పోకూడదు. అందుకే ఈ ఆరు వారాల గురించి ఇంత వివరంగా చెప్పుకోవాలి.

లెక్కలకి ఒక ట్యాంకు అనుకుందాం. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. 10 మిల్లీమీటర్ల గాజు. కింద స్టాండులో సంపు. సంపు అంటే ఇంటి ముందు నేలలో ఉండే నీళ్ళ సంపు కాదండీ, ట్యాంకు కింద అలమరలో పెట్టే రెండో గాజు తొట్టి. రాళ్ళు, ఇసుక ఆక్రమించే చోటు తీసేస్తే మొత్తం మీద 180 లీటర్ల నీళ్ళు పడతాయి. మీ ట్యాంకు పెద్దదైతే అదే నిష్పత్తిలో పెంచుకోండి.

గాజు, రాళ్ళు, నీళ్ళు, స్టాండు కలిపితే బరువు సుమారు 300 కిలోలు. స్టాండు పార్టికల్ బోర్డుతో చేయించకండి, ఉప్పునీళ్ళు తగిలితే ఉబ్బిపోతుంది. ఇనుప చట్రం చేయించి పెయింటు గట్టిగా వేయించండి, లేదా మెరైన్ ప్లై వాడండి. రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూసుకోండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు.

ముందు మామూలు కుళాయి నీళ్ళు పోసి 24 గంటలు వదిలేయండి. కారుతోందా, స్టాండు ఒరుగుతోందా, తెలిసిపోతుంది. అదే సమయంలో ఇంకో పరీక్ష కూడా చెయ్యాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. పంపు నడుస్తుండగా స్విచ్ ఆపేయండి. కరెంటు పోతే ఏమవుతుంది? పైన ట్యాంకులో నీళ్ళు రిటర్న్ పైపు గుండా, అంటే పంపు సంపులోంచి నీళ్ళు పైకి తెచ్చే పైపు గుండా, వెనక్కి సంపులోకి జారతాయి. పైపు మూతి నీళ్ళలో ఎంత లోతున ఉంటే అంత నీళ్ళూ కిందికి వచ్చేస్తాయి. సంపులో ఆ నీళ్ళకి చోటు లేకపోతే? హాలంతా ఉప్పునీళ్ళు. కాబట్టి పైపు మూతి నీటి మట్టానికి అర అంగుళం కిందనే ఉండాలి. ఎదురు రాకుండా చెక్ వాల్వు పెట్టాం కదా అంటారు. ఆ వాల్వులో ఒక్క ఇసుక రేణువు, ఒక్క నత్త చిక్కుకుంటే చాలు, మూసుకోదు. వాల్వుని నమ్మి సంపు నింపకండి.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఉప్పునీళ్ళు కరెంటుని బాగా మోస్తాయి. ట్యాంకు లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించండి. ప్లగ్గులోకి వెళ్ళే ప్రతి వైరూ ముందు కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి ప్లగ్గులోకి వెళ్ళాలి. అప్పుడు వైరు వెంట జారే చుక్క నేల మీద పడుతుంది, బోర్డులోకి వెళ్ళదు.

ఇక నీళ్ళు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే తరవాత వచ్చే ఇబ్బందుల్లో సగం నీళ్ళ నుంచే మొదలవుతాయి. మన బోరు నీళ్ళు పనికిరావు. టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే మీటరు, ముంచితే కొన్ని కాలనీల్లో వెయ్యి దాటుతుంది. మునిసిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అయితే ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా, క్యాను నీళ్ళు ఉన్నాయి కదా అని మీకు అనిపిస్తుంది. ఒకసారి మీటరు పెట్టి చూడండి. 50, 80, 120 చూపిస్తుంది. తాగడానికి రుచి కోసం ఆ మిషనులోనే కొంత పచ్చి నీళ్ళు కలుపుతారు, లేదా ఖనిజాలు వేస్తారు. మనుషులకి అది మంచిదే. ట్యాంకుకి మాత్రం ఆ 80లో ఏముందో తెలియదు. సిలికేటు ఉండొచ్చు, ఫాస్ఫేటు ఉండొచ్చు, పాత ఇత్తడి కుళాయి నుంచి రాగి రావచ్చు. సిలికేటుతో గోధుమరంగు నాచు వదలదు. రాగి చాలా కొద్దిగా ఉన్నా రొయ్యలు, నత్తలు, పగడాలు చనిపోతాయి. కాబట్టి ఆర్‌ఓ తరవాత, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి తగిలించండి. మీటరు సున్నా చూపించాలి. 5 చూపించిందంటే రెసిన్ అయిపోయిందని అర్థం, మార్చెయ్యండి.

విశాఖ నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారా? మీరు అడగబోయేది నాకు తెలుసు. బీచ్‌లో నీళ్ళు ఊరికే దొరుకుతుంటే ఉప్పు కొనడం ఎందుకు? ఎందుకంటే ఒడ్డు దగ్గర నీళ్ళలో డ్రైనేజీ కలుస్తుంది, పడవల డీజిల్ ఉంటుంది. పైగా మన బంగాళాఖాతంలోకి ఇన్ని నదులు వచ్చి పడతాయి కాబట్టి వానాకాలంలో పైపొరలో ఉప్పు తగ్గిపోతుంది. ఇవాళ తెచ్చిన నీళ్ళు ఒకలా, వచ్చే నెల తెచ్చినవి ఒకలా ఉంటాయి. రొయ్యల హేచరీలు సముద్రపు నీళ్ళు వాడతాయి, నిజమే. వాళ్ళు వడకట్టి, క్లోరిన్ పెట్టి, మళ్ళీ ఆ క్లోరిన్ తీసి వాడతారు. ఆ ఏర్పాటు మన బాల్కనీలో కుదరదు.

ఉప్పు అంటే రీఫ్ సాల్ట్ మిక్స్ అండీ, వంట ఉప్పు కాదు, రాతి ఉప్పూ కాదు. లీటరుకి 38 గ్రాముల చొప్పున 180 లీటర్లకి దాదాపు 7 కిలోలు. ఎప్పుడూ నీళ్ళలో ఉప్పు వెయ్యండి, ఉప్పు మీద నీళ్ళు పోయకండి. ఉప్పు మీద పోస్తే అడుగున గాఢత విపరీతంగా పెరిగి కాల్షియం, కార్బొనేటు కలిసి సున్నంలా తెల్లగా దిగిపోతాయి. ఒకసారి దిగితే మళ్ళీ కరగదు. పంపు పెట్టి తిప్పుతూ కొద్దికొద్దిగా వెయ్యండి, కొన్ని గంటలు తిరగనివ్వండి, ఆ తరవాతే కొలవండి. కావలసింది వెయ్యికి 35 పాళ్ళు. స్పెసిఫిక్ గ్రావిటీలో అయితే 1.026. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుని ఉత్త ఆర్‌ఓ నీళ్ళతో సున్నాకి తెచ్చి ఊరుకోకండి, 35 పాళ్ళ ప్రామాణిక ద్రావణం చిన్న సీసాలో దొరుకుతుంది, దానితో సరిచూడండి. మనం చదవబోయేది 35 దగ్గర కదా, సరిచూసుకోవడమూ అక్కడే జరగాలి.

రాళ్ళు, ఇసుక. ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్ర గుర్రాలు ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. మన తీరం నుంచి పగడపు రాయి తెచ్చాం అని ఎవరైనా అమ్మజూపితే, చచ్చిన ముక్క అయినా సరే, ముట్టుకోకండి. పగడం కొనేటప్పుడు అది ఏ రకం, ఎక్కడిది, కాగితాలు ఉన్నాయా అని అడగండి. చూపించలేకపోతే వెనక్కి వచ్చేయండి. మనం ప్రేమించి పెట్టుకునేది ఒక రీఫ్ బొమ్మని. దాని కోసం అసలు రీఫ్‌ని విరగ్గొడితే ఇక ఏముంది?

కాబట్టి మనకి డ్రై రాక్. సున్నపు రాయి జాతిది, చేతికి తేలిగ్గా ఉండాలి, లోపలంతా చిన్న చిన్న రంధ్రాలుండాలి. 180 లీటర్లకి 15 కిలోలు చాలు. ట్యాంకు నిండా గోడలాగా పేర్చకండి, వెనక గాజుకి రెండంగుళాలు వదలండి, నీళ్ళు రాళ్ళ మధ్య నుంచి తిరగాలి. ముందు రాళ్ళు పెట్టి, ఆ తరవాత ఇసుక పొయ్యండి. ఇసుక మీద రాయి పెడితే, రేపు గోబీ చేపో పిస్టల్ రొయ్యో కింద గుంత తవ్వుతుంది, రాయి దొర్లి గాజు మీద పడుతుంది. ఇసుక ఆరగొనైట్, అంటే సున్నపు జాతి ఇసుక, ఒకటి రెండు మిల్లీమీటర్ల గింజ, అంగుళం మందానికి 16, 17 కిలోలు. వాగు ఇసుక వద్దు. ఆరగొనైట్‌ని కూడా కడిగే పొయ్యండి, లేకపోతే నాలుగు రోజులు మజ్జిగలా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సైక్లింగ్, అంటే చేప వెయ్యకముందే ట్యాంకులో ఆ బ్యాక్టీరియాని పెంచడం.

చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్ళితే అమ్మోనియా. భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు, రొయ్యల చెరువు పక్కన పెరిగినవాళ్ళకి ఆ మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, అది అంతగా హాని చెయ్యదు. రెండోది స్వేచ్ఛా అమ్మోనియా, అదే విషం. ఏది ఎంత ఉంటుందో పీహెచ్ నిర్ణయిస్తుంది. పీహెచ్ 7 దగ్గర స్వేచ్ఛా అమ్మోనియా నూటికి ఒక పాలు కూడా ఉండదు. మన రీఫ్ ట్యాంకు పీహెచ్ 8.2. అక్కడ నూటికి ఏడు పాళ్ళ దాకా ఉంటుంది. అంటే నీళ్ళు పరీక్ష చేసే కిట్టులో అదే అంకె చూపించినా, మంచినీటి ట్యాంకులో తట్టుకున్నంత అమ్మోనియాని ఇక్కడ చేప తట్టుకోలేదు. మంచినీటి అనుభవంతో ఇటు వచ్చినవాళ్ళు మొదట దెబ్బతినేది ఇక్కడే.

ఒక జాతి సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాని తిని నైట్రైటుగా మారుస్తాయి. ఇంకో జాతి ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. ఇవి ఎక్కడుంటాయి? నీళ్ళలో అనుకుంటాం. కాదండీ, నీళ్ళలో తేలేవి బహు కొద్ది. రాయి మీద, ఇసుక గింజల మీద, పైపు లోపలి గోడ మీద జిగురులా అతుక్కుని ఉంటాయి. అందుకే పాత ట్యాంకు నుంచి రెండు బక్కెట్ల నీళ్ళు తెచ్చి పోస్తే సైకిల్ అయిపోదు. పాత ట్యాంకు నుంచి ఒక రాయి తెస్తే పని ముందుకు జరుగుతుంది. అయితే ఆ రాయితో పాటు ఆ ట్యాంకులో ఉన్న పురుగులు, తెగుళ్ళు కూడా వస్తాయి, అది గుర్తుంచుకోండి.

మరి చేప లేకుండా వీటికి తిండి ఎలా? కొందరు పచ్చి రొయ్య ఒకటి వేసి కుళ్ళనిస్తారు. పని అవుతుంది, కాని ఎంత అమ్మోనియా పడిందో లెక్క ఉండదు, ఫాస్ఫేటు పేరుకుంటుంది, ఇల్లంతా వాసన. కొందరు చేపనే వేసి దాని మీద సైక్లింగ్ చేస్తారు. దాని గురించి ఒక్కటే చెబుతాను, మొప్పలు కాలుతుంటే అది నెల రోజులు భరించాలి. వద్దు.

కొలిచి వేసే పద్ధతి అమ్మోనియం క్లోరైడు. మన పెద్దవాళ్ళకి ఇది తెలిసిన వస్తువే. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్ళు కాలిన గిన్నెలో చల్లితే తెల్లటి పొగ లేస్తుంది చూడండి, నవాసాగరం, అదే ఇది. అయితే బజారులో దొరికే ఆ నవాసాగరం వాడకండి, దానిలో ఏ లోహాలు కలిసాయో తెలియదు. ల్యాబ్ రసాయనాలు అమ్మే కొట్టులో స్వచ్ఛమైనది తీసుకోండి, వంద గ్రాములు కొంటే ఏళ్ళు వస్తుంది. 10 గ్రాములు తూచి లీటరు ఆర్‌ఓ నీళ్ళలో కరిగించండి. ఆ ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకి 3.2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉంటుంది. మనకి 180 లీటర్లలో 2 పీపీఎమ్ కావాలి, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున 360 మిల్లీగ్రాములు. 113 మిల్లీలీటర్లు పొయ్యండి. రాసుకుంటున్నారా? 113. సీసా మీద పేరు రాసి పిల్లలకి అందకుండా పెట్టండి.

గంట తిరగనిచ్చి పరీక్ష చెయ్యండి. మీ కిట్టు 1.6 చూపిస్తే కంగారు పడి ఇంకా పోయకండి. కొన్ని కిట్లు అమ్మోనియా లెక్కన చూపిస్తాయి, కొన్ని అందులోని నైట్రోజన్ లెక్కన చూపిస్తాయి. 2 అమ్మోనియా అంటే నైట్రోజన్‌లో 1.65. కిట్టు కాగితం చదవండి. ఎక్కువ వేస్తే తొందరగా అవుతుందని 6, 8 దాకా తీసుకెళ్తారు. అది వెనక్కి లాగుతుంది, ఈ బ్యాక్టీరియా తన తిండిలోనే మునిగి మందగిస్తుంది.

ఇక సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా. మంచిది దొరికితే ఒకటి నుంచి మూడు వారాల్లో పని అవుతుంది, లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు. మంచిది అని ఎలా తెలుస్తుంది? రెండు విషయాలు చూడండి. మొదటిది, అది ఏ బ్యాక్టీరియా? చెరువుల్లో చల్లే ప్రోబయోటిక్ ఎక్కువగా బాసిల్లస్. అది మేత కుళ్ళును విడగొడుతుంది, విత్తనంలా ఎండి బతుకుతుంది, అందుకే పొడిగా అమ్మగలరు. మనకి కావలసిన నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియాకి ఆ శక్తి లేదు. ఎండితే పోతుంది, కాలితే పోతుంది. రెండోది, అది ఎలా వచ్చింది? మే నెలలో కొరియర్ వ్యానులో మూడు రోజులు ఉడికి వచ్చిన సీసాలో బతికి ఉన్నవి ఎన్నో ఆలోచించండి. తేదీ చూడండి, చలికాలంలో తెప్పించండి, ఎండ తగలనివ్వకండి. పోసిన మొదటి కొన్ని రోజులు స్కిమ్మర్ (నురగతో మురికి తీసే యంత్రం), యూవీ (సూక్ష్మజీవుల్ని చంపే దీపం) ఆపి ఉంచండి. లైటు మొత్తం సైక్లింగ్ అయ్యేదాకా వద్దు. ఇప్పుడు లైటు వేస్తే పెరిగేది నాచే. నీళ్ళు మాత్రం బాగా కదలాలి, ఈ జీవులకి ఆక్సిజన్ కావాలి. వేడి 26 నుంచి 28 డిగ్రీలు.

రెండు రోజులకొకసారి కొలిచి నోటుబుక్కులో రాయండి. మొదట కొన్ని రోజులు ఏమీ కదలదు. తరవాత అమ్మోనియా తగ్గుతుంది, నైట్రైటు లేస్తుంది. 2 పీపీఎమ్ అమ్మోనియా మొత్తం మారితే 5.4 నైట్రైటు, అది మారితే 7.3 నైట్రేటు. ఈ లెక్క ఎందుకంటే, ఈ మధ్యలో నైట్రేటు కిట్టు 50, 100 చూపిస్తుంది, జనం బెదిరిపోయి నీళ్ళు మార్చేస్తారు. ఆ కిట్టు పని చేసే తీరే అంత, నైట్రేటుని నైట్రైటుగా మార్చి రంగు చూపిస్తుంది. నీళ్ళలో ముందే నైట్రైటు ఉంటే అబద్ధపు అంకె వస్తుంది. నైట్రైటు పోయేదాకా నైట్రేటు కొలవకండి. ఇంకో మాట, ఉప్పునీళ్ళలో నైట్రైటుకి మంచినీళ్ళలో ఉన్నంత విషం లేదు, నీళ్ళలోని క్లోరైడు దాన్ని మొప్పల్లోకి పోనివ్వదు. కాబట్టి చివర్లో నైట్రైటు కొద్దిగా మిగిలినా భయం లేదు. అమ్మోనియా విషయంలో మాత్రం ఆ సడలింపు లేదు.

రెండు వారాలైనా అమ్మోనియా కదలకపోతే? పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల లెక్క) చూడండి, ఆల్కలినిటీ దాని కొలతలో 7 డీకేహెచ్‌కి తగ్గకూడదు. కొత్త డ్రై రాక్, స్వచ్ఛమైన నీళ్ళు అయితే ఒక్కోసారి ఫాస్ఫేటు బొత్తిగా ఉండదు, అది లేకుండా బ్యాక్టీరియా పెరగదు. చిటికెడు చేప మేత వెయ్యండి.

అయిందని ఎప్పుడు అనుకోవాలి? సాయంత్రం మళ్ళీ 113 మిల్లీలీటర్లు పొయ్యండి. మర్నాడు సాయంత్రానికి అమ్మోనియా సున్నా రావాలి. ఒకసారి కాదు, వరసగా రెండు మూడు సార్లు. అప్పుడు నైట్రేటు 20 దాటి ఉంటే మూడో వంతు నీళ్ళు మార్చండి. చేప తేవడం ఆలస్యమయితే వారానికి రెండుసార్లు కొద్దిగా అమ్మోనియా వేస్తూ ఉండండి, పస్తు పెట్టకండి.

మొదటి చేపగా రెండు చిన్న ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు. ట్యాంకుల్లోనే పుట్టి పెరిగినవి అడిగి తీసుకోండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ, సీఎంఎఫ్ఆర్ఐ, మండపం, విళింజం కేంద్రాల్లోనే వాటిని పొదిగించి పెంచారు, అది మనకి గర్వం. కొత్త చేపను ముందు విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టిలో సంచిని 20 నిమిషాలు తేల్చి వేడి సమానం చెయ్యండి. దూరం నుంచి వచ్చిన సంచి అయితే, విప్పాక గంటలు గంటలు చుక్కలు పోస్తూ కూర్చోకండి. సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడు వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది, అమ్మోనియా అంతా హాని లేని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే గాలి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. ఇందాక చెప్పిన ఏడు పాళ్ళ లెక్క ఇదే. ఉప్పు గాఢత ముందే అమ్మకందారుని అడిగి, అంతే గాఢతతో ఆ క్వారంటైన్ తొట్టి సిద్ధం చేసుకుని, చేపను చేత్తోనో డబ్బాతోనో మార్చండి. సంచి నీళ్ళు ట్యాంకులో పోయకండి.

ఇక వికారమైన రోజుల సంగతి. రెండో వారం నుంచే, లైటు వేశాక మరీనూ, ఇసుక మీద కాఫీపొడి చల్లినట్టు గోధుమరంగు పొర. డయాటమ్ అనే సూక్ష్మ నాచు అది. సిలికా అయిపోతే తనే పోతుంది. తరవాత పచ్చ నాచు. నత్తలు పది వెయ్యండి, చేత్తో పీకండి. ఇక్కడ అసహనంతో నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకి తెచ్చే మందులు పోస్తారు. అప్పుడు డైనోఫ్లాజెల్లేట్లు వస్తాయి, బుడగలతో జిగురు తీగలు. వాటిని వదిలించుకోవడం నాచు కంటే పది రెట్లు కష్టం. నైట్రేటు 5 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 ఉండనివ్వండి. పగడాలకి ఇంకో రెండు మూడు నెలలు ఆగండి.

మన ఊళ్ళ సంగతి రెండు ముక్కలు. ఎండాకాలం ట్యాంకు వేడి 28 డిగ్రీలు దాటకూడదు. హైదరాబాద్ పొడి గాలిలో నీళ్ళ మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖలో, కాకినాడలో గాలిలోనే తేమ, ఫ్యాను పెద్దగా పని చెయ్యదు, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కొనాల్సిందే. ఫ్యాను పెడితే రోజుకి మూడు నాలుగు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. కాబట్టి పోయాల్సింది ఉత్త ఆర్‌ఓ నీళ్ళు, ఉప్పునీళ్ళు కాదు. ఇంకొకటి, ట్యాంకు ఉన్న గదిలో దోమల మందు యంత్రం పెట్టకండి, బొద్దింకల స్ప్రే కొట్టకండి. వాటిలో ఉండే పైరెథ్రాయిడ్లు పురుగుల్ని ఎలా చంపుతాయో రొయ్యల్నీ అలాగే చంపుతాయి. దోమతెర కట్టుకోండి. కరెంటు పోతే ముందు కావలసింది లైటు కాదు, నీటి కదలిక. ట్యాంకులో నీళ్ళు కదిలించే వేవ్‌మేకర్ ఒక్కటి ఇన్వర్టర్ మీద పెట్టండి, లేదా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచండి.

సరే, ఇప్పుడు సీసాలు. ఇదిగో, రెండు గొట్టాల్లోనూ 5 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్ళు. కిట్టులోని మొదటి మందు 8 చుక్కలు, మందు సీసాని ఏటవాలుగా కాదు, తిన్నగా తలకిందులు పట్టి వెయ్యాలి, అప్పుడే చుక్క సైజు సమానం. రెండో మందు 8 చుక్కలు. మూత పెట్టి 5 సెకన్లు కుదిపాను. 5 నిమిషాలు ఆగాలి. ట్యూబ్‌లైటు కింద రంగు చూడకండి, మోసం చేస్తుంది. ఆ కిటికీ దగ్గర తెల్ల కాగితం పెట్టాను, ఇద్దరిద్దరుగా వచ్చి పగటి వెలుతురులో చూడండి. పసుపు రంగు అంటే అమ్మోనియా లేదని, ఆ ట్యాంకులోకి చేప వెయ్యొచ్చు. పచ్చరంగు తిరిగినదానికి ఇంకా ఐదు వారాలు పడుతుంది. రండి, ముందు వరసవాళ్ళు రండి.